నలభై మిల్లీసెకన్ల ఆలస్యం

దుర్గారావు కుడికాలితో పెడల్ గట్టిగా తొక్కాడు. ధబ్బుమని మోగాల్సింది పోయి, స్పీకర్లోంచి పియానో మెట్టు ఒకటి ముద్దుగా "టింగ్" అంది.

ఎదురుగా ఉన్న స్నేర్ డ్రమ్ మీద కర్రతో ఒక్కటి వేశాడు. ఇంకో మెట్టు, కాస్త పైస్థాయిలో.

"ఏటి మేడమ్ ఇది? నాను డ్రమ్స్ కొడతంటే సంగీతం టీచరు పాఠం సెప్తన్నట్టు వత్తంది?"

గాజు తలుపు అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న ధనశ్రీ తలెత్తలేదు. "మీరు కొట్టడం ఆపితే నేను చూస్తాను."

"నాను కొట్టడానికే వచ్చాను మేడమ్. ఆపడానికైతే ఇంటికాడే ఉందును."

వాళ్ళ మొదటి సంభాషణ అది. ప్రేమకథకి ఇంతకంటే మంచి ఆరంభం ఉంటే బాగుండేది గానీ, జరిగింది మాత్రం ఇదే.

అది 2006 జూలై. సీతమ్మధారలో గురునాథరావు గారి రికార్డింగ్ స్టూడియో మేడ మీద ఉండేది. కింద పళ్ళ డాక్టరు క్లినిక్. మామూలు డ్రమ్స్ మోగినన్నాళ్ళూ డాక్టరు వారానికోసారి మేడెక్కి వచ్చి, పన్ను పీకేటప్పుడు తన చెయ్యి తాళానికి ఊగుతోందని మొత్తుకునేవాడు. అందుకని గురునాథరావు గారు చెన్నై నుంచి పాత ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ ఒకటి తెప్పించారు. దీనికి చర్మం ఉండదు, రబ్బరు ప్యాడ్లే. కొడితే టప్ టప్‌మంటాయి. అసలు మోత తీగ మీదుగా కంప్యూటర్‌కి వెళ్ళాక పుడుతుంది.

ఆ కిట్ కొనమని పోరింది ధనశ్రీయే. చీపురుపల్లి దగ్గర రైతుల పిల్ల, కంప్యూటర్ డిప్లొమా చేసి హాస్టల్లో ఉంటూ స్టూడియోలో రికార్డింగ్ చూసేది. కనిపించిన ప్రతి తీగకీ తెల్ల కాగితం అంటించి పేరు రాయడం ఆమె అలవాటు. ఆఖరికి ఫ్లాస్కు మీద కూడా "టీ, చక్కెర తక్కువ" అని రాసి ఉండేది.

దుర్గారావుది పెదజాలరిపేట. తల్లి పోతమ్మ చేపలమ్మేది. అతను సీజన్లో పడవెక్కేవాడు, పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. ఇప్పుడు ఇక్కడ స్థిరపడదామని వచ్చాడు.

"చూడండి," అంది ధనశ్రీ లోపలికొచ్చి. "ఈ ప్యాడ్ శబ్దం పంపదు, నంబరు పంపుతుంది. కాలితో తొక్కే కిక్ అంటే ముప్ఫయ్యారు, స్నేర్ అంటే ముప్ఫై ఎనిమిది. ఏ నంబరుకి ఏం మోగాలో కంప్యూటర్ చూసుకుంటుంది. నేను మిమ్మల్ని పొరపాటున పియానో చానల్లో పెట్టాను."

"అంటే నా దెబ్బ రేషన్ కార్డు నంబరు లాగ ఎల్తందా?"

"అలాగే అనుకోండి."

"మరి కోపంగా కొట్టానో, ముద్దుగా కొట్టానో ఆ నంబరుకి తెలుస్తాదా?"

"తెలుస్తుంది. ఎంత గట్టిగా కొట్టారో కూడా వెళ్తుంది."

"ఐతే పర్లేదు," అన్నాడు దుర్గారావు, ఆమె ముఖంలోకి చూస్తూ. ధనశ్రీ అక్కర్లేకపోయినా వంగి ఒక తీగ సరిచేసింది.

మర్నాడు ప్రతి దెబ్బా రెండుసార్లు మోగింది. కిట్‌తో వచ్చిన మోతల పెట్టె ఒకసారి, కంప్యూటర్ ఒకసారి. పెట్టె నోరు మూయించాక, హైహ్యాట్ అనే జంట తాళాల ప్యాడ్ కొడితే ఆవు మెడలో గంట మోగింది. ధనశ్రీ నంబర్లన్నీ నోటు పుస్తకంలో రాసుకుని ఒక్కొక్కటే సరిచేసింది. మూడోరోజు అసలు ఏమీ మోగలేదు. రెండు గంటలు ఆమె స్క్రీన్‌తో కుస్తీ పట్టాక, దుర్గారావు కిట్ వెనక్కి వెళ్ళి ఊడిపోయిన తీగని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు.

"తాడు ఊడితే పడవ కదల్దు మేడమ్."

"ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు కోపంగా ఉంటే సూడ్డానికి బాగుంటారని..."

"ఏటి?" అంది ధనశ్రీ. స్టూడియోలో పుస్తకంలా మాట్లాడే పిల్లకి ఊరి మాట తన్నుకొచ్చేసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఆ తర్వాత అతను రోజూ పోతమ్మ చేసిన నెత్తళ్ళ వేపుడు డబ్బాలో తెచ్చేవాడు. వాన వచ్చి కరెంటు పోతే ఇద్దరూ బాల్కనీలో నిలబడి తినేవాళ్ళు. కరెంటు త్వరగా రాకపోతే బాగుండునని ధనశ్రీ అనుకునేది. ఆ మాట ఎక్కడా రాసి అంటించలేదు, అంతే.

ఆగస్టులో అసలు చిక్కు వచ్చింది.

తాతబాబు అనే ఆయన సముద్రం పాటల సిడి వేయిస్తున్నాడు. అందులో వల లాగే పాట ఒకటి. గాయకుడు ముందు కేకేస్తాడు, గుంపు అందుకుంటుంది. గురునాథరావు గారు దుర్గారావుని పిలిచి సూటిగా చెప్పారు. "ఒరేయ్, ఇరవై ఒకటో తేదీ సోమవారం తాతబాబు గారు వింటారు. ఆయనకి నచ్చితే నీకు ఇక్కడ నెల జీతం, పక్కా. నచ్చలేదా, లూపులు వేసేస్తాను."

లూపులంటే ఎవరో ఎక్కడో వాయించి సిడిలో అమ్మే దరువు ముక్కలు. అతికించుకుంటూ పోవడమే, మనిషితో పనిలేదు.

ఆ పాట రికార్డు చేస్తే దుర్గారావు దెబ్బలన్నీ ఆలస్యంగా పడ్డాయి. స్క్రీన్ మీద నిలువు గీతలుంటాయి, తాళం పడాల్సిన చోట్లు. అతని ప్రతి దెబ్బా గీత దాటి నలభై మిల్లీసెకన్ల అవతల కూర్చుంది. టిక్కు టిక్కుమని తాళం చెప్పే మెట్రోనోమ్ ఒక్కటే పెట్టి వాయించమంటే గీత మీదే పడింది. పాట పెట్టగానే మళ్ళీ ఆలస్యం.

"పాట పెడితే కంప్యూటర్‌కి బరువెక్కువవుతోంది," అని తేల్చింది ధనశ్రీ. బఫర్ తగ్గించింది. కంప్యూటర్లో సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్ళీ వేసింది. తీగ మార్చింది. మిగతా ట్రాకులన్నీ ఆపేసి, గాయకుడి గొంతు ఒక్కటే ఉంచింది. నలభై అలాగే ఉంది. శనివారం సాయంత్రానికి విసుగొచ్చి క్వాంటైజ్ అనే బటన్ నొక్కింది. అది చెదిరిన దెబ్బల్ని లాగి గీత మీద కూర్చోబెడుతుంది.

"వినండి, ఇప్పుడు సరిపోయింది."

దుర్గారావు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. సగంలోనే తీసేశాడు.

"ఇది నా సెయ్యి కాదు మేడమ్."

"మీదే. నేను గీత మీదకి జరిపానంతే."

"మనిసిని జరిపేసి, ఆడి పేరు ఉంచితే ఏటి లాభం? దీనికన్నా లూపులే నయం." కర్రలు స్టూల్ మీద పెట్టి మెట్లు దిగిపోయాడు. చెప్పులు తొడుక్కున్న చప్పుడు కూడా వినబడింది.

ధనశ్రీకి కోపం వచ్చింది. ఆ తర్వాత భయం వేసింది. సోమవారం అతను రాకపోతే ఇంకెప్పుడూ రాడు. స్టూల్ మీది కర్రలు తీసి తన సంచిలో పెట్టుకుంది. అప్పటిదాకా తను అతన్ని ప్రేమిస్తున్నట్టు ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే కర్రలు పట్టుకుని జాలరిపేట వెళ్ళింది. ఇసకలో అలివి వల లాగుతున్నారు. సముద్రంలో పరిచిన వలకి రెండు కొసలా రెండు తాళ్ళు, ఒక్కో తాడుకి పదిహేను మంది. దూరంగా అవతలి తాడు పట్టుకుని దుర్గారావు కనబడ్డాడు. ఇవతలి తాడు దగ్గర తట్ట పక్కన పెట్టి నిలబడిన ఆవిడ ధనశ్రీని ఎగాదిగా చూసింది.

"సూడియో పిల్లవి నువ్వేనా? నాను పోతమ్మని. నెత్తల్లు బాగున్నాయా?"

"చాలా బాగున్నాయండీ. ఆయనతో మాట్లాడాలి..."

"వల వచ్చీదాకా ఆడు ఎవలితోటీ మాట్లాడడు. రా, తాడు పట్టు. బేగి వత్తాది."

ధనశ్రీ కర్రలు నడుముకి దోపుకుని తాడు పట్టుకుంది. ముందున్న పెద్దాయన కేకేశాడు. ఆమె ఆ కేకతోనే బలమంతా పెట్టి లాగింది. తాడు అంగుళం కదల్లేదు, అరచెయ్యి మాత్రం కమిలింది. ఒక్క క్షణం తర్వాత మిగతావాళ్ళు లాగారు. తాడుతోపాటు ఆమె కూడా వెనక్కి తూలింది.

పోతమ్మ నవ్వింది. "పిలుపుతోటి లాగకూడదమ్మా. పిలుపు ఇన్నాక లాగాల. ఇనకుండా లాగితే ఎవుడి బలం ఆడిదే అయిపోద్ది."

మళ్ళీ కేక. ధనశ్రీ విన్నది. విని, ఊపిరి పీల్చి లాగింది. పదిహేను మంది చేతులతో కలిసి తాడు కదిలింది. అవతల దుర్గారావు మడమ ఇసకలో దిగబడటం చూసింది. కేక పడ్డాక, కాస్త ఆగి.

"నలభై!" అని అరిచింది ధనశ్రీ. తాడు మీదున్న వాళ్ళందరూ తిరిగి చూశారు.

వల ఒడ్డుకొచ్చాక దుర్గారావు తడిబట్టలతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తీగది కాదు తప్పు, కంప్యూటర్‌దీ కాదు," అంది ఆమె గబగబా. "పాటలో కేక వింటే నీ చెయ్యి ఆగి పడతంది. వట్టి మెట్రోనోమ్‌లో కేక లేదు కదా, అందుకే అక్కడ సరిగ్గా పడతంది. ముందే ఎందుకు సెప్పలేదు?"

"నాకు తెలిస్తే కదా సెప్పడానికి? నాకది సమంగానే ఇనబడతాది."

"సమంగానే ఉంది. నానే జరిపేశాను." ఆమె కళ్ళు తడిశాయి. "తప్పైపోయింది. రేపు రా."

అతను కర్రలు తీసుకున్నాడు. కర్రలకి అంటిన ఇసక జాగ్రత్తగా తుడిచాడు.

సోమవారం పదింటికి తాతబాబు గారు కూర్చునే సరికి దుర్గారావు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ధనశ్రీ ఏమీ చెప్పకుండా ముందు గీత మీద కూర్చోబెట్టిన పాట వినిపించింది. తాతబాబు గారు తలూపారు.

"బాగానే ఉంది. ఏ సిడిలోది ఈ దరువు?"

తర్వాత రెండోది వేసింది, జరపనిది. మూడో కేకకి ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఆరో కేకకి ఆయన పిడికిళ్ళు బిగిశాయి, భుజాలు వెనక్కి వెళ్ళాయి. పాట అయ్యాక ఆయన అడిగారు.

"ఎవరు వాయించారు ఇది?"

గురునాథరావు గారు అందరికీ తనే ఫ్లాస్కులో టీ పోసి, "ఒకటో తారీకు నుంచి వచ్చెయ్‌రా," అన్నారు దుర్గారావుతో.

అందరూ వెళ్ళాక వాన మొదలైంది. బాల్కనీలో ఇద్దరే మిగిలారు. దుర్గారావు రెయిలింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్ళీ చెప్పబోయి మళ్ళీ ఆగాడు.

"సెప్పు," అంది ధనశ్రీ.

"పిలుపు లేకుండా దెబ్బ పడదు మేడమ్. అది మీరే కనిపెట్టారు."

ధనశ్రీ వాన వైపు చూసింది. అతని వైపు చూసింది. ధైర్యం కూడగట్టుకుంది.

"బావా!"

దుర్గారావు వేళ్ళు ఆగిపోయాయి. ఈసారి నలభై మిల్లీసెకన్లు చాలలేదు. కింద డాక్టరు ఎవరికో నోరు తెరవమని చెప్పడం కూడా వినబడేంత సేపు పట్టింది.

"నువ్వంటే నాకు పేణం ధనా," అన్నాడు చివరికి. "ఆ పియానో మోగిన రోజు నుంచీ."

"ఇంత ఆలస్యంగానా సెప్పేది?"

"ఇన్నాకే కదా లాగాల."

మర్నాడు పోతమ్మ చేపల తట్ట మెట్ల దగ్గర దించి, స్టూడియో చూస్తానని మేడెక్కింది. డ్రమ్ కిట్ పెట్టె మీద కొత్తగా అంటించిన కాగితం ఆవిడ కంటపడింది.

"ఏటి రాశావమ్మా దాని మీద?"

"'దుర్గారావు నలభై ఆలస్యం. సరిచెయ్యొద్దు' అని."

పోతమ్మ కొడుకుని చూసింది, ఆ పిల్లని చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ధనశ్రీ తల మీద పెట్టింది.

"ఆల నాన్నా అంతే, పిలిస్తే గానీ పలికీవోడు కాదు. మరి మీ అమ్మావోల్ల కాడికి నన్ను ఎప్పుడు రమ్మంతావు?"

ధనశ్రీ ఆ మాట పూర్తిగా విన్నది. ఊపిరి పీల్చుకుంది.

"ఈ ఆదివారమే, అత్తా."