జాబెజ్ నోట ఏడో పేరు

అసుర సంధ్య...!

నవంబరు నెల, బుధవారం. ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. లండన్ నగరాన్ని పొగమంచు మసిగుడ్డలా కప్పేసింది. కాలం కాని కాలంలో ఆకాశం ఫెళఫెళా ఉరిమింది... స్టూడియో కప్పు మీద ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఇళ్లలో పిల్లలు జామ్ రాసిన రొట్టెముక్కలు పట్టుకుని టెలివిజన్ల ముందు చేరుతున్నారు. వాళ్ల ప్రాణమైన జాబెజ్ కాకి వచ్చే వేళ అది!

జాబెజ్ చేతికి తొడిగే బొమ్మ. నల్ల ఉన్ని ఒళ్లు, ఎర్ర చొక్కా. తల లోపల ఉన్నది మాత్రం దూది కాదు... కపాలం! నిజమైన కాకి కపాలం! ఆ సంగతి మ్యూరియల్‌కి గంట క్రితమే తెలిసింది.

మ్యూరియల్ ఆథర్లీ ఆ పిల్లల కార్యక్రమంలో నాలుగేళ్లుగా జాబెజ్ పక్కన కూర్చుని నవ్వే ఆంటీ. భర్త పోయాక ఆమెకు ఆ ఉద్యోగమే ఆధారం, కూతురు హిలరీయే లోకం. బల్ల కింద దాక్కుని బొమ్మను ఆడించే మనిషి ఆంబ్రోస్ పెటిఫర్. స్టూడియోలో అందరూ బొమ్మతోనే మాట్లాడతారు. "ఏం జాబెజ్, బాగున్నావా?" అంటే బొమ్మే తల ఊపుతుంది. ఆంబ్రోస్ సొంత గొంతు ఎవరూ వినలేదు. ఎంత ముచ్చటైన అలవాటో అని మురిసిపోయారు గానీ, అసలతనికి గొంతే లేదని ఆ తెలివైన వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఏళ్ల కిందటే కంఠవ్యాధి దాన్ని హరించింది.

మరి జాబెజ్ పలికేది ఎవరి గొంతుతో...?

జాబెజ్ వారానికొక పుట్టినరోజు కార్డు చదువుతుంది. ఆ శరదృతువులో ఆరుగురు తల్లులు మ్యూరియల్‌కి ఉత్తరాలు రాశారు. జాబెజ్ తమ బిడ్డ పేరు పలికిన క్షణం నుంచి ఆ బిడ్డ నోరు కదులుతోందనీ, మాట రావడం లేదనీ. ఆరో ఉత్తరం ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఆమె తిన్నగా ఆంబ్రోస్ గదికి వెళ్లింది. నేల మీద సుద్దతో గీసిన మండలం... నల్ల కొవ్వొత్తులు... నడుమ ఉన్ని ఒలిచిన కపాలం! చుట్టూ ఆరు కార్డులు, ప్రతి పేరులోనూ దిగేసిన సూది!

పరుగున వెళ్లి నిర్మాత బేసిల్‌కి చెప్పింది.

"గొంతు వాపమ్మా. చలికాలం కదా. ఉప్పునీళ్లు పుక్కిలించమని రాయి," అన్నాడతను టీ కలుపుకుంటూ.

"పేర్లలో సూదులు గుచ్చాడండీ."

"కళాకారులన్నాక ఏవో చాదస్తాలుంటాయి. ముక్కు మెరుస్తోంది, కాస్త పౌడరు రాసుకో."

నడవలో ఆంబ్రోస్ ఎదురొచ్చాడు. అతని పెదవులు కదలలేదు. చేతి మీది కాకి ముక్కు తెరిచింది.

"నా గదికొచ్చావటగా ఆంటీ. ఇవాళ్టి కార్డు నీకు తప్పకుండా నచ్చుతుందిలే."

ఎర్రదీపం వెలిగింది. ప్రత్యక్ష ప్రసారం మొదలైంది.

జాబెజ్ ముక్కుతో బుట్టలోంచి నీలం కార్డు తీసింది. దాని మీది వంకర అక్షరాలను మ్యూరియల్ చూడగానే గుర్తుపట్టింది. అవి అత్తగారివి! ఇవాళ హిలరీకి ఏడేళ్లు నిండుతాయి. మనవరాలిని సంతోషపెడదామని ముసలావిడ క్రాయిడన్ నుంచి చెప్పకుండా పంపింది. ఈ క్షణంలో ఇద్దరూ అక్కడ తెర ముందే కూర్చుని ఉంటారు.

లాక్కోవాలి... ఇప్పుడే లాక్కోవాలి...! కానీ లక్షల ఇళ్లలో పిల్లలు చూస్తున్నారు. జడుసుకుంటారేమో. బేసిల్ ఏమంటాడో. ఉద్యోగం ఉంటుందో పోతుందో. సరిగ్గా మూడు క్షణాలు తటపటాయించింది. ఆ మూడు క్షణాలూ ఆమె ముఖం అలవాటు కొద్దీ నవ్వుతూనే ఉంది.

"ఇవాళ ఏడేళ్లు నిండిన హిలరీ ఆథర్లీకి పుట్టినరోజు శుభాకాంక్షలు!"

"వద్దు...!" మ్యూరియల్ కెవ్వున అరిచి కార్డు లాగేసింది. జరగాల్సింది జరిగిపోయింది.

కాకి ముక్కు మళ్లీ తెరుచుకుంది.

"అమ్మా..."

హిలరీ గొంతు! బల్ల కింద ఆంబ్రోస్ భుజాలు నిశ్శబ్దమైన నవ్వుతో అదిరాయి. ఏడో గొంతు దొరికింది, ఏడు గొంతులు కూడబెట్టే సాధన పూర్తయింది!

కానీ ఆ మాంత్రికుడికి పిల్లల సంగతి తెలియదు. ఒక్క పిల్ల అమ్మా అని ఏడిస్తే ఎన్ని గొంతులు తోడవుతాయో తెలియదు. "అమ్మా..." అంది రెండో గొంతు. మూడోది... నాలుగోది... భీకరమైన ఆర్తనాదం! వారాల తరబడి చీకట్లో విడివిడిగా వణికిన ఏడుగురూ ఒక్కటయ్యారు. ఆంబ్రోస్ నవ్వు ఆగిపోయింది. చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు! బొమ్మ మెడ తిప్పి, బల్ల కిందకి వంగి, అతని కళ్లలోకి చూసింది.

"ఆంబ్రోస్ పెటిఫర్‌కి... పుట్టినరోజు శుభాకాంక్షలు!"

ఏడు గొంతులు. ఒకే మాట. తీసుకోవడానికి అతని దగ్గర గొంతు లేదు. అందుకని ప్రాణమే ఊడి వచ్చింది! నోరు తెరిచినవాడు తెరిచినట్టే బల్ల కింద కుప్పకూలాడు.

ఎవరో ప్రసారం ఆపేశారు. మ్యూరియల్ టెలిఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

"మ్యూరియల్, పిల్లకేమైందే," అంది అవతలినుంచి అత్తగారు. "నోరు తెరుస్తోంది, కన్నీళ్లు కారుతున్నాయి. చప్పుడు మాత్రం రావట్లేదు."

తీసుకున్న గొంతును తిరిగి ఇచ్చే విద్య తెలిసినవాడు ఒక్కడే. వాడు చచ్చాడు.

ఆమె వెనక్కి వచ్చింది. శవాన్ని మోసుకుపోయారు. బల్ల మీద జాబెజ్ ఖాళీగా, మూగగా పడి ఉంది. అందరూ వద్దంటున్నా వినకుండా మ్యూరియల్ దాన్ని ఒళ్లోకి తీసుకుని లోపలికి చెయ్యి పెట్టింది. కపాలం వేళ్లకు చల్లగా తగిలింది.

ముక్కు మెల్లగా తెరుచుకుంది.

"అమ్మా, నువ్వేనా? ఇక్కడంతా చీకటి. చెయ్యి తియ్యకే."

"తియ్యనమ్మా," అంది మ్యూరియల్.