కొండముచ్చులకు మొక్కిన పెళ్లి

“ఆ గెల స్కూటర్ మీంచి దింపారంటే ఊరుకోనండీ!”

పూర్ణచంద్ర ఉలిక్కిపడ్డాడు. పురుషోత్తంపూర్ దాటాక ఋషికుల్య నది ఒడ్డున ఉన్న ఆ కొండ దగ్గర, మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్న అమ్మాయి పొదల్లోంచి ఊడిపడి తెలుగులో కసురుతుందని అతను ఊహించలేదు.

“కొండముచ్చులకి అరటిపళ్ళు పెడితే తప్పేటండీ?”

“ఆరేళ్ళుగా ఈ గుంపు ఎనకాల తిరుగుతున్నాను. ఏ ఆకు తింటాయో, ఏ పిల్ల ఏ తల్లిదో అన్నీ రాసుకుంటన్నాను. ఒక్క సెనగ్గింజ ఎయ్యలేదు. మీ పళ్ళకి మరిగి రోడ్డెక్కాయంటే, అడివిలో అవెలా బతుకుతాయన్న నా రీసెర్చ్ అక్కడితో సరి!”

“మా అమ్మ మొక్కండీ. నాకు పెళ్లి కుదిరేదాకా శనివారం శనివారం పెట్టాలట.”

“అయితే తొరగా సేసుకోండి!”

బరంపురంలో అతనిది హోల్‌సేల్ పప్పుల కొట్టు. బేరాల్లో ఆరితేరినవాడే అయినా ఈ బేరం ఆమెకే వదిలేశాడు. తరువాతి శనివారం నుంచి గెలను దారిలోని గోశాలలో ఇచ్చివేసి, తాను మాత్రం కొండకు రావడం మానలేదు. ఎందుకు వస్తున్నాడో అతను చెప్పలేదు, ఆ అమ్మాయి నాగశ్రీ కూడా అడగలేదు. అయితే శనివారాలు తన చూపు గుంపును వదిలి రోడ్డు మీదికి పోతున్నదని ఆమె గమనించి, తన మీద తానే విసుక్కున్నది.

ఒక మధ్యాహ్నం వాన కురిసింది. ఇద్దరూ ఒకే బండరాతి చూరు కిందికి చేరారు. పైన కొమ్మల్లో కొండముచ్చులు తడిసి, తోకలు వేలాడదీసి, లోకం మీద అలిగినట్టు కూర్చున్నాయి.

“మిమ్మల్ని పెళ్లి సేసుకోవాలనుందండీ. మీకిష్టమేనా?” అన్నాడు పూర్ణచంద్ర.

“ఇష్టమే. గొడవంతా అక్కడే ఉంది. కుదరదు.”

“అదేటండీ!”

“మీ అమ్మగారేటంటారు? పళ్ళు పెట్టించాను, పెళ్లి కుదిరింది అంటారు. బజారంతా సెప్తారు. మీ ఈధిలో పెళ్లి కావలసినోళ్ళు ఎంతమందున్నారు?”

అతను నిజాయితీగా ఆలోచించాడు. “సానా మందే.”

“అందరూ గెలలతో దిగిపోతారు. నేను సుఖపడడానికి వీటి బతుకు పాడుసెయ్యమంటారా?”

ఆ రాత్రి పూర్ణచంద్ర తల్లి విజయకుమారి ముందు నిలబడి, పళ్ళు గోశాలకు వెళుతున్న సంగతి చెప్పివేశాడు.

“మొక్కు ఎగ్గొట్టీసేవట్రా! ఇంకెవర్తి సేసుకుంటాది నిన్ను?”

“ఒకమ్మాయి ఇష్టమేనందమ్మా. పళ్ళు మానీసిన తరవాతే.”

మరుసటి శనివారం విజయకుమారి వట్టి చేతులతో స్వయంగా కొండకు వచ్చింది. ఆకులు నములుతున్న గుంపును చాలాసేపు చూసింది. ఆపై తీర్పు చెప్పింది.

“ఆకులు తప్ప ఇంకేటీ ముట్టని దీక్షలో ఉన్నారు సాములు. మనం పళ్ళెట్టి దీక్ష సెడగొట్టేం. అందుకేరా, నీకొచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయాయి!”

నాగశ్రీ తల పట్టుకుంది. “అలాక్కాదండీ అత్తయ్యగారూ. ఒకదాని ఎనకాల ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం...”

పూర్ణచంద్ర ఆమె చెవి దగ్గరికి వంగాడు. “సెప్పండి, పూర్తిగా సెప్పండి. మీకు కారణం కావాలా, కొండముచ్చులు కావాలా?”

అంతలో ఒక వ్యాను ఆగింది. అరటిపళ్ళ బుట్టతో దంపతులు దిగారు. విజయకుమారి చెంగు దోపి వాళ్ళకు అడ్డం వెళ్ళింది.

“బుట్ట లోపలెట్టండి! మీకు పెళ్లీడు పిల్లలున్నారా? ఉంటే ఇటేపు కూడా సూడకండి!”

దంపతులు బెదిరిపోయారు. వ్యాను వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పైన గుంపు తల కూడా తిప్పకుండా ఆకులు తింటూనే ఉంది.

నాగశ్రీ పళ్ళు కొరుకుతూ, జీవితంలో మొదటిసారి ఒక తప్పు సిద్ధాంతాన్ని ఖండించకుండా మింగివేసింది.

“ముహూర్తం ఎప్పుడు పెట్టిస్తారండీ?” అని అడిగింది.

“శనివారం తప్ప ఏ రోజైనా సరేనమ్మా,” అన్నది విజయకుమారి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “ఆ రోజు నాకిక్కడ పనుంది.”