మ్యాట్ మీద తెల్ల మరకలు

కుస్తీ గది తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల మ్యాట్ మాత్రం లేదు.

2020 నవంబర్ 24, మంగళవారం. ఉదయం 8:40.

డిటెక్టివ్ మార్లిస్ డ్వొరాక్ గది మధ్యలో నిలబడి బోసి నేల వంక చూసింది. గోడ నుంచి గోడ దాకా పరిచే మ్యాట్ అది. మూడు ముక్కలు. ఒక్కో ముక్క చుడితే ఎత్తడానికి నలుగురు కావాలి. జేబులో వేసుకుపోయే వస్తువు కాదు.

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని కార్విన్ యూనివర్సిటీ పోలీసు విభాగంలో మొన్నమొన్నటిదాకా ఐదుగురు డిటెక్టివ్‌లు. కరోనా కోతల తర్వాత ఇప్పుడు ఇద్దరే. ఆ ఇద్దరికీ వారంలో ఒకరోజు జీతం లేని సెలవు. మార్లిస్‌కి ఆ సెలవు మంగళవారం. అంటే ఇవాళ ఆవిడ చేస్తున్నది వెట్టిచాకిరీ.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున్నే," అన్నాడు బ్రెంట్ హాల్వర్సన్. యూనివర్సిటీ ఆటల విభాగానికి డైరెక్టర్. మాస్కు పైన కళ్లు నిద్రలేక ఉబ్బిపోయి ఉన్నాయి. "పక్క జిల్లా హైస్కూలు వాళ్లు కొంటామన్నారు. ట్రక్కు వేసుకుని వచ్చారు. తలుపు తీస్తే ఇదీ సంగతి."

"గది మూసింది?"

"అక్టోబర్ 9న. జట్టుని రద్దు చేసిన రోజే."

"తాళంచెవులు?"

"మూడు. నా దగ్గరొకటి. కెప్టెన్ లేన్ బ్రెకీ దగ్గరొకటి. మూడోది..." హాల్వర్సన్ ఆగాడు. "వెర్లిన్ దగ్గర."

కోచ్ వెర్లిన్ టెస్కీ శనివారం తెల్లవారుజామున ఆసుపత్రిలో చనిపోయాడు. కరోనా. ముప్ఫై ఏళ్లుగా ఈ గదిలో కుర్రాళ్లకి కుస్తీ నేర్పినవాడు. నిన్న ఖననానికి పదిమందికి మించి రాకూడదన్నారు.

"మార్లిస్ గారూ, చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. ఆయన భార్యకి ఏడాది జీతం ఇవ్వాలని ఒప్పందం ఉంది. కోచ్ తప్పు చేశాడని తేలితే అది రద్దయిపోతుంది. అది నేను రాసిన నియమం కాదు. మా లాయర్లు రాసింది."

"కెప్టెన్ అని తేలితే?"

"కాలేజీలోంచి పంపించేస్తాం. స్కాలర్‌షిప్ పోతుంది."

కిటికీలోంచి ఫుట్‌బాల్ స్టేడియం కనిపిస్తోంది. ఈ ఏడు అందులోకి ఒక్క ప్రేక్షకుణ్ణి కూడా రానివ్వలేదు. డబ్బు కట్టినవాళ్ల ఫోటోలు అట్టల మీద అతికించి కుర్చీల్లో కూర్చోబెట్టారు. అట్టబొమ్మలు టికెట్ కొనవు, పార్కింగ్‌కి కట్టవు, హాట్‌డాగ్ తినవు. ఇక్కడ మిగతా ఆటలన్నీ ఆ ఫుట్‌బాల్ టికెట్ల డబ్బు మీదే బతికేవి. అది ఆగిపోగానే మొదటి కోత కుస్తీ జట్టు మీద పడింది. తాతల కాలం నాటి జట్టు ఒక్క ఈమెయిల్‌తో పోయింది. ఇందుకు ఎవరిని తిట్టాలో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. అందుకని అందరూ కలిసి హాల్వర్సన్‌ని తిట్టారు.

మార్లిస్ వంగి చూసింది. మూలన చెత్తబుట్టలో టేపు ఉండలు. ముక్కలని కలిపి అంటించే వెడల్పాటి టేపు. కత్తితో కోయలేదు. ఓపిగ్గా, తెగకుండా మొదటినుంచి చివరిదాకా లాగారు. మ్యాట్‌కి గాటు పడకూడదనుకున్నవాళ్లు చేసే పని అది.

వెనక తలుపు బయట సరుకు దించే గట్టు. దాని పగుళ్లలో ఇరుక్కున్న గడ్డి పరకలు, కాసిని మేత గింజలు. పందుల మేత. మార్లిస్ పుట్టి పెరిగింది పందుల పెంపకానికి పేరుపడ్డ ఈ అయోవాలోనే. ఆ వాసన ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఈ జట్టులో పందుల ఫారం ఉన్నవాళ్లు ఎవరు?"

హాల్వర్సన్ తల దించుకున్నాడు. "బ్రెకీలు."

* * *

ఉదయం 11:15.

లేన్ బ్రెకీ తమ ఫారంలో ట్రాక్టర్ల షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. కుస్తీ పట్లలో నలిగి ముద్దకట్టిన చెవులు. జబ్బుపడి లేచిన మనిషిలా చొక్కా ఒంటిమీద వేలాడుతోంది. పోలీసు కారుని చూసి కంగారుపడలేదు. ఎదురుచూస్తున్నవాడిలా గుమ్మం వదిలి పక్కకి జరిగాడు.

షెడ్డులో మూడు చుట్టలు. పైన న్యూస్‌పేపర్లో చుట్టిన ఏదో వస్తువు. మార్లిస్ కాగితం విప్పింది. ఎర్ర కార్నేషన్ పువ్వు. ఎండి నల్లబడింది.

"ఇదేమిటి?"

"అది... ఒకరికి ఇవ్వాల్సింది మేడమ్. ఇవ్వలేకపోయాను."

"మ్యాట్ ఎవరు తెచ్చారు?"

"నేనే. ఒక్కణ్ణే."

"ఒక్కడివే మూడు చుట్టలు ఎత్తావా? సూపర్‌మ్యాన్‌వా ఏం?"

లేన్ నవ్వలేదు. "ఎత్తినవాళ్ల పేర్లు చెప్పను. ఆలోచన నాది. తాళం తీసింది నేను."

"ఎందుకు?"

కుర్రవాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఏటా చివరి సంవత్సరం కుర్రాళ్లకి ఒక సాయంత్రం ఉంటుంది. అమ్మా నాన్నల చెయ్యి పట్టుకుని మ్యాట్ మీదికి నడుస్తారు. అమ్మకి పువ్వు ఇస్తారు. ఆ తర్వాత కుస్తీ పడతారు. నాలుగేళ్లు దానికోసమే చెమటోడ్చారు. ఈసారి జట్టే లేకుండా పోయింది. అందుకని అక్టోబర్ 31 శనివారం సాయంత్రం, ఇదే షెడ్డులో, ట్రాక్టర్లు బయటికి తోసి మ్యాట్ పరిచారు. తల్లిదండ్రులు, తాతలు, చెల్లెళ్లు, అందరూ వచ్చారు.

"కోచ్?"

"వచ్చారు. నేనే రమ్మని బతిమాలాను." లేన్ మ్యాట్ చుట్ట అంచు పట్టుకున్నాడు. "ఆ రోజు నాకు గొంతు గరగరలాడుతోంది. మేత దుమ్మేలే అనుకున్నా. బుధవారానికి జ్వరం. పరీక్షలో కరోనా అన్నారు. గురువారం కోచ్‌ని ఆసుపత్రిలో చేర్చారు. కుస్తీ అయ్యాక ఆయన్ని కౌగిలించుకున్నాను మేడమ్. గట్టిగా. నేనే చంపాను ఆయన్ని. మీరు దొంగతనం అని రాసుకోండి, ఇంకేదైనా రాసుకోండి. నాకు ఫరవాలేదు."

మార్లిస్ నోట్‌బుక్ మూసింది. ఆవిడ నేరస్థుల్ని చాలామందిని చూసింది. శిక్ష కోసం ఇంత ఆకలిగా ఉన్నవాణ్ణి చూడలేదు.

"ఒక చుట్ట విప్పుదాం, పట్టు."

విప్పగానే గుప్పుమంది. మూడు వారాలు దాటినా బ్లీచ్ వాసన ముక్కు పగలగొడుతోంది. నల్లటి మ్యాట్ మీద పెద్ద పెద్ద తెల్ల మరకలు.

"ఇదెవరి పని?"

"నాదే. కుస్తీకి ముందు తుడిచాను. ఎప్పుడూ తుడవాలి, చర్మ రోగాలు రాకుండా. ఎక్కువ పోసేశాను."

"ఎవరికీ ఇబ్బంది కాలేదా?"

"ఎందుకు కాలేదు? వాసనకి అందరం బయటికి పరిగెత్తాం. కోచ్ మమ్మల్ని చూసి, ఏమయింది రా, పందులకి భయపడి పారిపోతున్నారా అని వెక్కిరించారు. ఆయన కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆయనది చివరి కుస్తీ కదా. ఏడుస్తున్నారేమో అనుకుని ఎవరం అడగలేదు."

మార్లిస్ ఇంకేమీ అడగలేదు. బయటికి వచ్చి రెండు ఫోన్లు చేసింది.

* * *

మధ్యాహ్నం 3:00. అదే షెడ్డు.

పెద్ద తలుపులు బార్లా తీసి ఉన్నాయి. చలిగాలి కొడుతోంది. నలుగురూ దూరదూరంగా, మాస్కులతో నిలబడ్డారు. మార్లిస్, హాల్వర్సన్, లేన్. నాలుగో మనిషి కోచ్ భార్య జొఆన్ టెస్కీ. నిన్ననే భర్తని మట్టిలో పెట్టి వచ్చింది. ఆవిడని చూడలేక లేన్ గోడ వైపు తిరిగాడు.

"లేన్, ఈ బ్లీచ్ కలిపి తుడిచింది నువ్వేనన్నావు. అవునా?"

"అవును మేడమ్."

"వాసనకి అందరం బయటికి పరిగెత్తాం అన్నావు. నువ్వు కూడానా?"

"అవును."

"వెక్కిరించినప్పుడు కోచ్ ఎక్కడున్నారు?"

"లోపల..."

"చేతిలో ఏముంది?"

లేన్ మళ్లీ గోడ వైపు తిరిగాడు.

"మాప్ ఉంది కదూ? మిగతా కుర్రాళ్లలో ఇద్దరిని అడిగాను. ఆ సాయంత్రం తాళం తీసి మ్యాట్ ఎత్తించింది కోచేనట. ముప్ఫై ఏళ్లలో కుస్తీకి ముందు మ్యాట్ తుడిచే పని కోచ్ ఎవరికీ వదల్లేదట. నా మ్యాట్ నేనే కడుక్కుంటాను అనేవారట. అవునా, కాదా?"

"మేడమ్, ఆపండి. ప్లీజ్." లేన్ చేతులు జోడించినంత పని చేశాడు. "నేనే అని రాసేయండి. జొఆన్ అమ్మకి ఆ డబ్బు..."

"నువ్వెందుకు అబద్ధమాడావో నాకు తెలుసు బాబూ. ఆవిడ డబ్బు పోకూడదని నేరం నెత్తిన వేసుకున్నావు. కానీ ఆ అబద్ధం వెనక ఒక నిజం ఉంది. అది నువ్వు వినాలి." మార్లిస్ తెల్ల మరక మీద కాలు పెట్టింది. "బకెట్టు నీళ్లకి అరకప్పు బ్లీచ్ పోస్తారు. ముప్ఫై ఏళ్లు కొలతతో పోసిన మనిషి ఆ రోజు బుడ్డి మొత్తం ఒంపేశాడు. చెయ్యి తడబడిందే అనుకుందాం. ముక్కు చెప్పాలి కదా? మీరంతా పారిపోయారు. ఆయన ఆ పొగలోనే నిలబడి, కళ్లు మండి నీళ్లు కారుతుంటే కూడా, మీరెందుకు పారిపోతున్నారో తెలియక వెక్కిరించాడు."

మార్లిస్ లేన్ దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ఆయన ఏడవట్లేదు లేన్. ఆయనకి వాసన తెలియట్లేదు."

హాల్వర్సన్ మెల్లగా అన్నాడు. "అంటే అప్పటికే..."

"అప్పటికే. ముక్కు పనిచేయకుండా పోవడం జబ్బు అంటుకున్న పూట జరగదు. కొన్ని రోజులు పడుతుంది. అక్టోబర్ 9న గది మూశాక ఆ సాయంత్రం దాకా ఈ కుర్రాళ్లెవరూ ఆయన్ని కలవలేదు. ఆ రోజు నీ గొంతు గరగర నువ్వనుకున్నట్టు మేత దుమ్మే. నీ జ్వరం వచ్చింది బుధవారం, నాలుగు రోజుల తర్వాత. నువ్వు ఆయనకి ఇవ్వలేదు బాబూ. ఆయన దగ్గర్నుంచే నీకు వచ్చింది."

లేన్ అలాగే నేలమీద కూలబడ్డాడు. మూడు వారాలుగా బిగపట్టుకున్న ఏడుపు అంతా ఒక్కసారి బయటికి వచ్చింది. అంత ఒడ్డూ పొడుగూ మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తుంటే హాల్వర్సన్ మొహం తిప్పుకున్నాడు.

"మరి వెర్లిన్‌కి ఎక్కడ అంటుకుంది?" అన్నాడు, ఏదో ఒకటి అనాలన్నట్టు.

జొఆన్ అప్పుడు మాట్లాడింది.

"మీరే కదా బ్రెంట్ అన్నారు, నెలలోగా దాతల దగ్గర డబ్బు పోగుచేసి తెస్తే జట్టుని ఉంచుతామని? ఇల్లిల్లూ తిరిగాడు. వద్దురా బాబూ, రోజులు బాగాలేవు అన్నా వినలేదు. ఫోన్లో అడిగితే కాదంటారు, ఎదురుగా కూర్చుంటే మొహమాటపడతారు అనేవాడు. ఒకాయన దగ్గుతూనే గంటసేపు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడట. చివరికి ఆలోచిస్తానన్నాడట."

హాల్వర్సన్ మ్యాట్ మీది తెల్ల మరకల వంక చూశాడు.

మార్లిస్ గొంతు సవరించుకుంది. "ఒప్పందం ప్రకారం ఈ నెలాఖరు దాకా ఆయనే కోచ్. కోచ్ తన మ్యాట్ ఎక్కడికి తీసుకెళ్లినా అది దొంగతనం కాదు. కాబట్టి కేసు లేదు. లేన్ మీద ఏమీ లేదు. కానీ..."

"కానీ జనాన్ని పోగుచేయడం నిషేధం," అంది జొఆన్. "అది తప్పే అవుతుంది. జీతం ఆగిపోతుంది. నాకు తెలుసు."

"నేను దీన్ని ఇంకోలా..." హాల్వర్సన్ మొదలుపెట్టాడు.

"ఇంకోలా రాస్తే ఈ పిల్లాడి పేరు రాయాలి. వద్దు. ఉన్నదున్నట్టు రాయండి మార్లిస్. తన బరువు పిల్లల మీద వేసే మనిషి కాదు మా ఆయన." ఆవిడ గొంతు స్థిరంగానే ఉంది. ఒక్క క్షణం తర్వాత స్థిరంగా లేదు. "ఆ రాత్రి చొక్కా నిండా బ్లీచ్ కంపు కొట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. కొంపలోకి ఇదేం వాసన అని కేకలేశాను. ఏం వాసన అన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని చొక్కా వాషింగ్ మెషీన్లో పడేశాను. అప్పుడే పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లుంటే..."

"మీకెలా తెలుస్తుంది జొఆన్? ఎవరికీ తెలియలేదు," అంది మార్లిస్. తన మాట చాలదని ఆవిడకి తెలుసు. ఒకరి గుండె మీంచి రాయి తీసి ఇంకొకరి గుండె మీద పెట్టినట్టయింది. ఈ ఉద్యోగంలో ఆవిడకి అన్నిటికంటే కష్టమైన రోజు జీతం లేని రోజునే వచ్చింది.

లేన్ లేచాడు. మొహం మోచేత్తో తుడుచుకుని, న్యూస్‌పేపర్ పొట్లం తీసుకుని జొఆన్ ముందుకి వచ్చాడు. రెండు అడుగుల దూరంలో ఆగాడు.

"అమ్మా, ఏటా కెప్టెన్ మీకు కూడా ఒకటి ఇవ్వాలి కదా. ఆ రోజు మీకు ఆస్తమా అని కోచ్ రానివ్వలేదు. నేను తెచ్చిస్తానన్నాను ఆయనకి. ఈలోగా జ్వరం. తర్వాత... మీ మొహం చూసే ధైర్యం లేకపోయింది."

జొఆన్ కాగితం విప్పింది. నల్లబడిన పువ్వుని వేళ్లతో సర్దింది. మాస్కు కిందికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"వాసన వస్తోందా?" అని అడిగాడు లేన్. అడిగేటప్పుడు వాడి గొంతులో భయం ఉంది.

"వస్తోంది," అంది జొఆన్. "బ్లీచ్ వాసన."

ఆ పువ్వుని మళ్లీ కాగితంలో చుట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకుంది.