ఎర్రకొండల పరదా

"నల్లది లేదు, తెల్లది లేదు. విలాయత్ నుంచి సరుకు వస్తలేదు, లడాయి అయినంక రార్రి," అంది విమలాదేవి రంగుల దుకాణం గద్దె మీద నుంచి.

అమరనాథ్ ఖాళీ డబ్బా గద్దె మీద పెట్టాడు. హుస్సేనీ ఆలంలో షఫీఉద్దీన్ ఫొటో స్టూడియోలో మనుషుల వెనక కట్టే పరదాల మీద బొమ్మలు వేసేది అతనే. ఫొటోలో రంగులెలాగూ పడవు కనుక అతను వేసే తోటలూ మేడలూ అన్నీ బూడిద రంగే. వేరే రంగు ముట్టి ఎరగడు.

"మరేమున్నయి?"

"గివే. బాపు ఎప్పుడో తెప్పించిండు, ఎవ్వరు కొనలే." ఎరుపు, ఊదా, పసుపు నూనె రంగుల ట్యూబులు ముందు పెట్టింది. "వీటి పేర్లన్న ఎరుకనా, పెయింటర్ సాబ్?"

"మీరు చెప్పరాదుండ్రి."

"అన్నీ ఇయ్యాల్నే చెప్తే రేపు ఏం పని మీద వస్తరు?"

రంగు అయిపోకముందే అతను బేగంబజార్‌లోని ఈ దుకాణానికి వస్తాడని ఆ వీధిలో అందరికీ తెలుసు, ఆమె తండ్రి కైలాసానికి తప్ప. ఆ కైలాసమే లోపలి నుంచి వచ్చి, "ఓరుగల్లు సంబంధమోళ్లు పిల్ల ఫొటో అడిగిండ్రు. మంచి పరదా వేయి అమరనాథూ," అన్నాడు.

ఆ రోజు అతని చేతికి తోట రాలేదు. ఎర్రటి కొండలొచ్చాయి, ఊదా రంగు ఏరొచ్చింది, సూర్యుడు లేని పసుపు ఆకాశం వచ్చింది. కొన్నయితే కొండలో మబ్బులో అతనికే తెలియదు. ఆమె దూరమవుతుందన్న దిగులంతా ఆ రంగుల్లో పడి మెరిసింది.

ఫొటోకు నిలబడుతూ విమల పరదా వైపు చూసింది. "ఇది ఏ ఊరు?"

"ఏ ఊరు కాదు."

"మరి తొవ్వెట్ల తెలుస్తది?"

"ఇద్దరు కలిసి పోతే దొరుకుతదేమో."

"బేటీ, నన్ను కాదు, అతన్ని చూస్తున్నవు," అన్నాడు షఫీఉద్దీన్ కెమెరా వెనక నుంచి.

ఫొటో కడిగి చూస్తే కొండలన్నీ మసిబొగ్గులు. కైలాసం ఫొటో పట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. "ఇది పెండ్లి ఫొటోనా, కొంప అంటుకున్న ఫొటోనా? అమరనాథూ, కావాల్నని ఖరాబు చేసినవా?"

"లేదు సాబ్."

"ఎర్రచీర కూడ నల్లగనే పడుతది. గది నీకు తెల్వదా?" అని షఫీఉద్దీన్ విసుక్కున్నాడు.

"తెలుసు భాయ్. వేసేటప్పుడు కెమెరా యాదికి రాలే."

"మరేం యాదికొచ్చింది?" కైలాసం గద్దించాడు.

అమరనాథ్ తల దించుకున్నాడు. "మీ బిడ్డ."

కైలాసం కూతురి వైపు తిరిగాడు. "నీకూ గదేనా?"

మాటకు మాట అప్పజెప్పే పిల్ల ఈసారి తండ్రి దగ్గరకు వచ్చింది. కళ్లు నిండిపోయాయి. తండ్రి చేయి గట్టిగా పట్టుకుని తలూపింది.

కైలాసం పరదా దగ్గరకు వెళ్లి చూశాడు. అందులో అతనికేమీ బోధపడలేదు. ఫొటో జేబులో పెట్టుకున్నాడు.

"ఓరుగల్లుకు నేనే పోయి ఈ సంబంధం వద్దని చెప్పొస్త. అమరనాథూ, నువ్వు మీ అమ్మను తోలుకొని ఇంటికి రా."

"రేపు రావాల్నా?"

"ఇయ్యాల్నే రా. రేపటికి నా మనసు తిరుగుతదేమో."