కాలికి నీలం తాడు

“నా కోళ్ళకి విషం పెట్టారండీ!” అంటూ ఆవిడ గుమ్మంలోనే ఏడుపు లంకించుకుంది.

పరిశోధకుడు కుర్చీ చూపించాడు. ఆయన అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఎదుటివాడు తుమ్మినా ఎందుకు తుమ్మాడో కనుక్కునేదాకా వదలడు కనుక అందరికీ ఆయన ఆరాగారే. సహాయకురాలిగా పనిచేస్తున్న మేనకోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చి, చెవులు రిక్కించి నిలబడింది. మావయ్యకి కేసు తగిలితే ఆమెకి తిండి కూడా గుర్తుండదు.

ఆవిడకి రెండు షెడ్ల కోళ్ళఫారం ఉంది. మొదటి షెడ్డులో కోళ్ళు టపటపా రాలిపోతున్నాయి. పక్క తోట యజమాని కంపు భరించలేక, నీ కోళ్ళ అంతు చూస్తానని ఈమధ్యే కేకలేశాడు. ఇంకేం కావాలి?

“పశువుల డాక్టరుకి చెప్పారా?”

“చెబితే ఫారం మూయించేస్తారండీ. రెండో షెడ్డు కోళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. వాటినైనా ఈ పూటే సంతకి పంపేస్తాను. ఆ తోటాయన్ని పోలీసులకి పట్టిస్తాను. మీరు రుజువొక్కటి చూపించండి, చాలు.”

ఆరాగారు చటుక్కున లేచాడు. “పదవే, వ్యాను కదలకముందే అక్కడుండాలి!”

ఫారం గేటు దగ్గరే ఇద్దరూ మాస్కులు, చేతి తొడుగులు వేసుకున్నారు. చెప్పులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నారు. ఆరాగారు ముందు దాణా గదిలోకి దూరాడు. బస్తా వెనకనుంచి ఎలుకొకటి ఎగిరి దూకేసరికి మేనకోడలు కెవ్వుమంది.

“ఎంత బలిసిందో చూశావా!” అన్నాడాయన మురిసిపోతూ.

“నా గుండె ఆగిపోతుంటే దాని ఒళ్ళు చూసి మురిసిపోతావేంటి మావయ్యా?”

మొదటి షెడ్డులో చచ్చిన కోళ్ళు ఎక్కువగా వెనక తలుపు దగ్గర పడి ఉన్నాయి. ముఖాలు ఉబ్బి, తురాయిలు నల్లబడ్డాయి. ముందువైపు దాణా తొట్ల దగ్గర మాత్రం చాలా కోళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. మేనకోడలు టార్చి వేసి వంగి చూసింది. మూలనున్న ఒక కోడి కాలికి నీలం ప్లాస్టిక్ తాడు ముక్క వేలాడుతోంది. ముట్టుకోకుండా మావయ్యకి చూపించింది. ఆయన తలూపాడంతే. ఆ తలూపుకే ఆమె పొంగిపోయింది.

బయట వ్యాన్‌లోకి కోళ్ళ బుట్టలు ఎక్కిస్తున్న పెద్దాయన ఆవిడ మామగారు. వ్యాన్ కొక్కేనికి నీలం తాడు ఉండ వేలాడుతోంది.

“ఆ తాడు దేనికండీ?” అడిగాడు ఆరాగారు.

“సంతలో బేరం కుదిరాక కోడి కాళ్ళు కట్టి ఇవ్వాలి కదండీ.”

“ఫారంలో కట్టరా?”

“ఇక్కడ కట్టి ఏం చేస్తాం?”

“మరి అమ్ముడుపోనివి?”

“ఒక్కటీ మిగలదు!” అన్నాడు పెద్దాయన మీసం మీద చెయ్యేసి. “నేను పట్టుకెళ్ళిన కోడి వెనక్కి రావడమే!”

ఆరాగారు తోట యజమానిని కబురంపి పిలిపించాడు. వస్తూనే ఆయన, “నాకు నోరే పెద్దదండీ, కోడినెప్పుడూ తాకలేదు” అని మొత్తుకున్నాడు. అందరినీ వ్యాన్ చుట్టూ నిలబెట్టి ఆరాగారు మొదలుపెట్టాడు.

“దాణాలో విషముంటే ముందు ఎలుకలు చావాలి. అవి పెళ్ళివారిలా తింటున్నాయి. చావులు దాణా తొట్ల దగ్గర కాదు, వెనక తలుపు దగ్గర మొదలయ్యాయి. అక్కడో కోడి కాలికి నీలం తాడుంది. కాళ్ళు కట్టేది సంతలోనే అని ఈయనే చెప్పారు. అంటే బేరం కుదిరి, కాళ్ళు కట్టాక, కొన్నాయన వద్దని వదిలేసిన కోడి అది. సంతకెళ్ళి మళ్ళీ ఇంటికొచ్చింది.”

ఆవిడ నోరు తెరుచుకుని మామగారివైపు చూసింది.

“సంతలో పది ఊళ్ళ కోళ్ళు, బాతులు ఒకచోట చేరతాయి. బుట్ట మీద బుట్ట పెడతారు. పైవాటి రెట్ట కిందవాటి మీద పడుతుంది. అక్కడ అంటుకున్న జబ్బు వ్యానెక్కి మీ ఇంటికొచ్చింది. పరీక్ష చేసి తేల్చాల్సింది డాక్టరు గానీ, నా అనుమానం బర్డ్ ఫ్లూ. ఈ రెండో షెడ్డు కోళ్ళకీ అంటి ఉండొచ్చు. వ్యాను కదిలిందంటే మీ ఇంటి ఏడుపు పది ఊళ్ళ ఏడుపవుతుంది.”

పెద్దాయన బుట్ట దించి నేలమీదే కూలబడ్డాడు. “ముసలాడైపోయాడు, అమ్మలేకపోతున్నాడని నన్ను ఇంట్లో కూర్చోబెడతావని భయమేసిందమ్మా. తగ్గిన డబ్బు నేనే వేసి, మిగిలినవాటిని వెనక తలుపులోంచి వదిలేశాను. ఇలా అవుతుందని తెలీదు తల్లీ.”

ఆవిడ వ్యాన్ తాళంచెవి తీసుకుని చీరకొంగున ముడేసుకుంది. “డాక్టరుకి ఫోన్ చెయ్యండి” అంది. తోట యజమానికి దణ్ణం పెట్టి, “నోరు జారాను బాబాయ్‌గారూ” అంది.

పరీక్షలో ఆరాగారి అనుమానమే నిజమైంది. రెండు షెడ్లూ ఖాళీ చేయాల్సొచ్చింది. సంతకి మాత్రం ఆ ఫారం నుంచి జబ్బు చేరలేదు.

నెలలు గడిచాయి. కొత్త కోళ్ళు వచ్చాయని ఆవిడ పిలిస్తే ఆరాగారు, మేనకోడలు వెళ్ళారు. వాళ్ళు గేటు దగ్గర ఉండగానే సంతనుంచి వ్యాన్ వచ్చి ఆగింది.

“ఎన్ని మిగిలాయి మావయ్యగారూ?” అడిగింది ఆవిడ.

పెద్దాయన ఏమంటాడా అని మేనకోడలు చెవులు రిక్కించింది.

“ఏడు మిగిలాయమ్మా. అక్కడే కోయించి మాంసం హోటలుకి ఇచ్చేశాను. వ్యాను, బుట్టలు కడిగించాను.”

“ఏడేనా? నేనైతే డెబ్భై మిగిల్చేదాన్ని!” అని ఆవిడ నవ్వేసింది.

పెద్దాయన చెయ్యి మెల్లిగా మీసం మీదికి వెళ్ళింది.