పల్చన చేసే సూది

పొద్దున ఏడింటికి ఖాజాగూడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎనిమిదో కారు తుడిచి, పోచయ్య వాచ్‌మన్ గదిలోకి వచ్చాడు. భార్య యాదమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. కడుపులో క్యాన్సర్. రెండో కీమో అయి పది రోజులైంది. ఆమె ఎడమ పిక్క ఉబ్బి మెరుస్తోంది. పోచయ్య నూనె వేడి చేసి రుద్దడం మొదలుపెట్టాడు.

కాలేజీకి జడ వేసుకుంటున్న కూతురు మమత అది చూసి ఆగిపోయింది.

“నాయినా, రుద్దకు. కాలు వాస్తే ఎంటనే దవాఖానకు రమ్మన్నరు గదా. ఎప్పటి సంది?”

“నిన్నటి సంది. మంచంల ఉండి ఉండి పట్టుకున్నది. నువ్వు కాలేజీకి పో.”

“రోజు పొద్దుమీకి సూది ఏపిస్తున్నవా?”

మమత మందుల సంచి విప్పింది. పక్క సందు క్లినిక్‌లో పొట్టకు వేయించాల్సిన సూదులు ఆరు అలాగే ఉన్నాయి.

“నేనే వద్దన్న. పొట్ట నిండ కమిలింది,” అంది యాదమ్మ.

“నువ్వు ఊకో. నేనే ఆపిన,” అన్నాడు పోచయ్య. “రక్తం లేదని రెండు సీసాలు ఎక్కించిండ్రు. బీట్‌రూటు, దానిమ్మ రసం తీసి పోస్తున్నం. ఇగ పల్చన జేసే సూదట. ఉన్నదే ఇంత, దాన్ని గూడ నీళ్లు జేస్తరా?”

“నువ్వు డాక్టర్వా? అమ్మకేమన్న అయితే నీతోటి మాట్లాడ.”

“జర ఆగుండ్రి,” అంది యాదమ్మ ఛాతీ పట్టుకుని. “దమ్ము అందుతలేదు.”

ఇద్దరూ ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. స్కాన్ చేశాక డాక్టర్ కిరణ్మయి బయటికి వచ్చింది.

“కాల్లో రక్తం గడ్డకట్టిందండి. అందులోంచి ఒక ముక్క ఊపిరితిత్తికి చేరింది.”

“ఆమెకు రక్తమే లేదు గద మేడం?”

“తక్కువున్నా గడ్డకడుతుంది. క్యాన్సర్ కణితి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. వాటివల్ల అవసరం లేకపోయినా గడ్డలు కడతాయి. కీమో మందులు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం నెమ్మదిస్తుంది. ఆ సూది రక్తాన్ని తగ్గించదండి, గడ్డకట్టకుండా ఆపుతుంది.”

“నూనె పెట్టి రుద్దిన గూడ,” అన్నాడు పోచయ్య.

“రుద్దితే గడ్డ కదలొచ్చండి,” అంది ఆమె. “రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేను.”

ఐసీయూ బయట మమత తండ్రికి మూడు కుర్చీల అవతల కూర్చుంది. నర్సు ఉమాశ్రీ ఒక కార్డు పట్టుకుని వచ్చింది.

“పోచయ్య గారు మీరే కదండి? పోయిన నెల రక్తం ఇచ్చి రక్తదాత కార్డు ఇక్కడే మర్చిపోయారు.”

మమత తలెత్తింది. “నువ్విచ్చినవా? మాకు చెప్పనే లేదు.”

“చెప్తే మీ అమ్మ ఒప్పుకోదు.” అతను కార్డు వైపు చూడలేదు. “నా రక్తం ఆమెకే ఎక్కిందనుకున్న బిడ్డా. దాన్ని పల్చన జేస్తమంటే మనసొప్పలే.”

మమత లేచి వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది. కాసేపటికి అతని భుజం మీద తల ఆనించింది.

“సూది ఏసుడు నేర్చుకుంట నాయినా. ఇద్దరం నేర్చుకుందం.”

“ఏసే దినం రావాలె బిడ్డా,” అని పోచయ్య తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.