ఉప్పుమడిలో తప్పులు

“మీ సినిమాలో హీరో బతికాడా అండీ?” ఆఫీసులో భోజనాల వేళ పక్కసీటు కళాధర్ అడిగాడు.

“బతికాడు. మీకో?” అంది సంహిత.

“నాకు సగంలోనే పోయాడు. నా రుచిరేఖకి ఏడుపంటేనే ఇష్టం, ఏం చేస్తాం!”

సంహిత నవ్వి క్యారేజీ మూత పెట్టింది. సినిమా గురించి ఇంతకుమించి ఇప్పుడెవరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోవడానికి ఏముంది గనక? మనోతెరలు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. మనిషి ఎక్కడ ఆవులించాడో, ఎక్కడ కళ్ళు తుడుచుకున్నాడో, ఎక్కడ లేచి మంచినీళ్ళకి వెళ్ళాడో కనిపెట్టి, తెర అతని రుచిరేఖ గీసుకుంటూ పోతుంది. ఆ గీత ప్రకారం సినిమాని అప్పటికప్పుడు కత్తిరించి, అతికించి, కావలసిన సీను లేకపోతే పుట్టించి మరీ చూపిస్తుంది. వందమంది చూస్తే వంద సినిమాలు. నచ్చని సినిమా అనే మాటే జనం నోట వినిపించడం మానేసింది.

సంహిత ఆ రోజు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టింది. కారణం కళాధర్‌కి చెప్పలేదు. ముందు రోజు సాయంత్రం ఆమె ‘ఉప్పుమడి’ చూసింది.

అది లాస్య పిన్ని తీసిన సినిమా, ఉప్పుమడుల్లో పనిచేసే ఒక తల్లి, ఆమె కూతురి కథ. తీసిన ఒకే ఒక్క సినిమా. ముప్పయ్యారేళ్ళ క్రితం, అందరికీ ఒకే బొమ్మ పడే రోజుల్లో, మొదటి ఆటకి చుట్టాలందరితోపాటు పదిహేనేళ్ళ సంహిత కూడా వెళ్ళింది. వాళ్ళింట్లో ఒక అలవాటుండేది. ఏ సినిమా చూసొచ్చినా అరుగు మీద బజ్జీల పళ్ళెం చుట్టూ చేరి తలా కాసిని తప్పులు పట్టాలి. ఎవరు ఎక్కువ పడితే చివరి బజ్జీ వాళ్ళది. ఆ పోటీలో సంహితని కొట్టేవాళ్ళు లేరు. ఈసారి తీసింది ఇంటి మనిషే కదా, ఊరుకుందామన్న ఇంగితం ఎవరికీ లేకపోయింది. పిన్ని ఎదురుగానే సంహిత పదిహేడు తప్పులు ఏకరువు పెట్టింది. “ఏడు నిమిషాలు కాళ్ళకి నూనె రాయడమేంటి పిన్నీ, అది సినిమానా, వైద్యమా?” అనేసరికి అరుగంతా గొల్లుమంది. పిన్ని కూడా నవ్వింది. చివరి బజ్జీ తనే తీసి సంహిత చేతిలో పెట్టింది.

ఆ తర్వాత పిన్ని ఇంకో సినిమా తియ్యలేదు. డ్రాయింగు టీచరుగా చేరి, అలాగే రిటైరైంది. తన నోటి దురుసుకీ దానికీ సంబంధం ఉందని సంహితకి చాలాకాలం తట్టలేదు. తట్టాక పిన్ని ముందుకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆ సినిమా జోలికీ వెళ్ళలేదు. నిన్న ధైర్యం చేసి చూసి, కుమిలి కుమిలి ఏడ్చింది. ఎంత గొప్ప సినిమా! తనెంత తెలివితక్కువ పిల్ల!

సెలవు పెట్టింది పిన్ని దగ్గరికి వెళ్ళడానికే. జగన్నాథపురంలో తలుపు తీసిన పిన్నికి డెబ్బై ఎనిమిదేళ్ళు. “సంహితవా? ఎండలో పడి వచ్చావేంటే? లోపలికి రా.”

సంహిత మంచినీళ్ళయినా ముట్టకుండా చెప్పేసింది. “పిన్నీ, ఉప్పుమడి చూశాను. తప్పంతా నాదే. అప్పుడు నాకేం తెలీదు. చివర్లో ఆ తల్లీకూతుళ్ళు పడవెక్కి వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి నవ్వుతారు చూడు, అక్కడ ఇంక నావల్ల కాలేదు.”

పిన్ని మొహం వెలిగి, అంతలోనే చిన్నబోయింది. “నా సినిమాలో పడవే లేదే.”

సంహిత కుర్చీలో కూలబడింది. రోజూ ఆఫీసులో నవ్వులాటగా చెప్పుకునే సంగతే. పిన్ని సినిమాకీ అదే జరిగి ఉంటుందని మాత్రం ఆమెకి తోచనేలేదు. ఆమె మనసు మారలేదు. సినిమాయే ఆమె మనసుకి తగ్గట్టు మారింది.

“నూనె సీనుందా నీదాంట్లో?” పిన్ని అడిగింది.

“లేదు పిన్నీ.”

“మిగతాదంతా దానికోసమే తీశానే. పోన్లే. అసలు ప్రతి ఎలాగూ లేదు, మనోతెరకెక్కించాక దండగని చెరిపేశారు. నేను మాత్రం నా తెర మీద ఏటా చూసుకుంటా. తల్లి పాదాలు ఉప్పుకి పగిలుంటాయి. కూతురు నూనె రాస్తుంటే, తల్లి వంగి దాని తల నిమురుతుంది...”

“నిమరదు,” అంది సంహిత.

నోరు జారింది. ఇక ఆగలేకపోయింది. “తల్లి గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతుంది. కూతురికేమో ఆటకి పోవాలని. గుమ్మం వైపు చూస్తూనే రాస్తుంది, తల్లి మొహం ఒక్కసారి కూడా చూడదు. కన్నతల్లిని చూడదేంటి, ఇది మూడో తప్పు అన్నాను. నాకు బాగా గుర్తు.”

పిన్ని కళ్ళు మూసుకుంది. “అవునే... నిద్రపోతుంది. అటే చూడమని ఆ పిల్ల చేత ఇరవైసార్లు చేయించాను.” కళ్ళు తెరిచి సంహిత వైపు చూసింది. “మరి ఎప్పుడు నిమిరిందే? ఏ ఏడు నుంచి నిమురుతోంది?”

పిన్ని చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుంది. ఆమెకేం కావాలో తెర కనిపెట్టి, ఏటా కొంచెం కొంచెంగా ఇచ్చుకుంటూ వచ్చింది. తర్వాత తమ తమ తెరల మీద చూసి బాగుందని మెచ్చుకున్న చుట్టాల్లో ఎవరికీ అసలు సినిమా ఒక్క ముక్క గుర్తులేదు. తీసింది తీసినట్టుగా మిగిలింది ఒక్కచోటే, దాన్ని తిట్టిన పిల్ల జ్ఞాపకంలో.

“ఆ పదిహేడూ గుర్తున్నాయా?”

“ఉన్నాయి పిన్నీ.”

పిన్ని నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకుని కూర్చుంది. “మొదటి నుంచి చెప్పు.”

“మొదట అన్నీ ఉప్పుమడులే. ఎంత బాగుంటుందనుకున్నావు పిన్నీ, ఆ తెల్లదనం మీద పొద్దుటి వెలుగు...”

పిన్ని పెన్సిలు ఆపేసింది. “అలా వద్దే. ముచ్చటపడుతూ చెప్పకు. ముచ్చటపడ్డావంటే నువ్వూ మార్చేస్తావు. ఆ రోజెలా అన్నావో అలాగే అను.”

క్షమాపణ అడుగుదామని వచ్చిన సంహిత మళ్ళీ ఆ తప్పులే పట్టాలి. ఆమె కళ్ళు తుడుచుకుంది.

“ఒకటో తప్పు. ఐదు నిమిషాలైనా ఒక్క మనిషీ కనపడడు. టిక్కెట్టు కొనుక్కుని ఎండ చూడ్డానికొచ్చామా?”

“ఊఁ,” అంది పిన్ని రాసుకుంటూ. “రెండోది?”